కుదాలి కొట్టిన చేయి

మహబూబ్‌నగర్,
12 ఫిబ్రవరి 2023.

కౌసల్యక్కా,

కవరు విప్పగానే ఖాళీ సంచులు నీ ఒళ్లో పడి ఉంటాయి. అవి పొరపాటున వచ్చినవి కావు. వాటిలో మన్ను నింపి నాకు పంపాలి. మన్ను వాట్సాప్‌లో రాదు కదా, అందుకే ఈ ఉత్తరం. పదో తరగతి తెలుగు పరీక్షకు నువ్వు నాతో లేఖలు బట్టీ పట్టించినప్పుడు, ఎప్పటికైనా పనికొస్తాయే పిల్లా అన్నావు. ఇదిగో, ఇన్నాళ్లకు పనికొచ్చాయి.

సంగతేమిటంటే, హైదరాబాద్‌లో ఒక కళాసంస్థ ఉంది. గనులు తవ్వి వదిలేసిన నేలల మీద, అక్కడి మట్టితో, అక్కడి రాళ్లతోనే బొమ్మలు చేసేవాళ్ల కోసం వెతుకుతోంది. నన్ను ఎంచుకున్నారు. ఇన్నేళ్లుగా స్కూలు పిల్లలతో మామిడికాయ, జాతీయ జెండా గీయిస్తున్న చేయి ఇది. ఇప్పుడు ఈ చేతిని ఒక గుట్టంత బొమ్మ చేయమంటున్నారు. సంతోషంతో అన్నం సరిగా తినడం లేదు, అమ్మీకి మాత్రం ఆ మాట చెప్పకు.

జాగా ఏదని అడుగుతావు. మన కొంగలబండ గుంతే.

ఇది రాసి చాలాసేపు కలం పక్కన పెట్టాను. పరశురాములన్న పోయిన గుంత అది. దాని పేరెత్తితే మీ ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలియక కాదు. ఫోన్‌లో ఆ మాట అనే ధైర్యం లేకపోవడం కూడా ఈ ఉత్తరానికి ఒక కారణమే.

నా ఆలోచన చెప్తాను, విను. చిన్నప్పుడు ఆ కొంగలగుట్ట నుంచే కదా మన అమ్మలు జాజు తవ్వుకొచ్చేది. గోడ కింద ఎర్రటి జాజు పట్టె, పైన తెల్లటి సుద్ద, మధ్యలో వేలితో పెట్టిన చుక్కలు. మన వాడకట్టులో గోడలన్నీ ఆ గుట్ట మన్నే. క్రషర్ వచ్చి గుట్టను కంకర చేసి హైవేకు తోలేసింది. గుట్ట ఉన్న చోట గుంత మిగిలింది. ఆ గుంత నాలుగు పక్కలనూ, మనం ఇంటి గోడలు అలికినట్టే, అదే మట్టితో అలకాలని ఉంది. అడుగున నీళ్లు అట్లాగే ఉంచుతాను. రంగులు నీళ్లలో కనిపిస్తాయి. పైనుంచి చూస్తే కప్పు లేని పెద్ద ఇల్లులా ఉంటుంది.

తూర్పు పక్క జాజు, దాని కింది పసుపు మొరం, సుద్ద, క్రషర్ దగ్గరి నీలిపొడి కావాలి. లింగస్వామి బావను బతిమాలి తెప్పించు. మీ అత్త గోపమ్మవ్వ ఎలా ఉంది? నిజం రాయి.

నీ
ఉమేరా

*

కొంగలబండ,
27 ఫిబ్రవరి.

ఉమేరా,

నీ సంచులు నింపి పంపుతున్నాను. చిట్యాల పోస్టాఫీసులో భాగ్యలక్ష్మి వీటిని తూకం వేస్తూ ఏముందని అడిగింది. మన్ను అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “ఎవరి మీద చేయిస్తున్నవ్ అక్కా?” అంది. నా చెల్లె మీదే, పెద్ద ఆర్టిస్టు కావాలని, అన్నాను. ఇంక మన ఇద్దరికీ చిట్యాలలో మంచి పేరే.

నిన్ను ఎంచుకున్నారంటే నాకు గర్వంగా ఉంది. మీ బావ కూడా ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. మట్టి తెచ్చింది ఆయనే. నేనూ ఆ గుంత దగ్గరికి రోజూ పోతున్నాను గానీ, మట్టి కోసం కాదు, మా అత్త కోసం.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. పోయిన వానల్లో జరిగింది నీకు తెలిసిందే. బర్రె జారి నీళ్లలో పడింది, పరశురాములు దాని వెంట దూకాడు. బర్రె లారీల బాట పట్టుకుని తనంతట తానే పైకొచ్చింది. నా మరిది రాలేదు. ఆనాటి నుంచి అత్త ఆ బర్రెతో మాట్లాడదు, ముట్టదు, దాని దిక్కే చూడదు. పాలు పిండేది నేనే. పొద్దు వాలిందంటే చాలు, ఎవరికీ చెప్పకుండా వెళ్లి గుంత అంచున కాళ్లు వేలాడేసి కూర్చుంటుంది. నేను అంగన్‌వాడీ మూసి, ఇంట్లో ఆమె లేకపోతే కొంగు బిగించుకుని పరుగెత్తుతాను. దూరం నుంచి పిలవను, ఉలిక్కిపడుతుందని భయం. పక్కన కూర్చుని, ఇంటికి పోదాం అత్తా అంటాను. ఇప్పటిదాకా లేచి వస్తూనే ఉంది. ఈ వానల్లో నీళ్లు అంచుదాకా వస్తే లేస్తుందో లేదో నాకు తెలియదు. నా ఫికర్ అంతా అదే.

రాయి అయిపోగానే గుంత పూడుస్తానని క్రషర్ రఘుపతి ఎప్పుడో ఒప్పుకున్నాడు. రాయి అయిపోయింది. తవ్వి పడేసిన మట్టి, పనికిరాని రాయి పక్కనే గుట్టలా పడి ఉంది. అడిగితే ఇదిగో అంటాడు, అదిగో అంటాడు. మన ఊళ్లో పీర్ల పండుగకు నిప్పు రాజేసే అలాయి గుంత తవ్వితే, పీర్ల కుదాలితో మొదట కొట్టినవాడే కడకు గుంత పూడ్చాలి కదా. మల్లప్ప మామ కుదాలి కొట్టిన ఏడాది ఆయన కాలు విరిగితే, మంచం మీద మోసుకొచ్చి ఆయన చేత మన్ను పోయించారు. గుంత తెరిచి ఉంటే మళ్లీ ఏడాది పీర్లు లేవవని ఊరంతా భయపడింది. క్రషర్‌వాళ్లకు అట్లాంటి భయం ఏదీ లేదు.

ఒక్క మాట అడుగుతాను. నీ బొమ్మ గుంత పూడ్చక ముందా, పూడ్చిన తర్వాతా? నీళ్లు అట్లాగే ఉంచుతానని రాశావు. అది నాకు అర్థం కాలేదు.

అక్క
కౌసల్య

*

మహబూబ్‌నగర్,
8 మార్చి.

అక్కా,

మట్టి అందింది. సంచి విప్పగానే తడిసిన గోడ వాసన వచ్చింది. నా కిరాయి గదిలో ఒక గోడ మొత్తం అలికి చూశాను. జాజు తడిగా ఉన్నప్పుడు లేత కాలేయం రంగు, ఆరాక ఇటుక రంగు. సుద్ద ఆరితే ఎంత తెల్లగా వస్తుందంటే, పక్కన ఇంటి ఓనరు వేయించిన పెయింటు మాసినట్టు కనిపిస్తోంది. ఓనరమ్మ వచ్చి చూసి, పోయేటప్పుడు కడిగి పొమ్మని చెప్పి వెళ్లింది. తుమ్మబంక కలిపితే మన్ను వేళ్లకు అంటడం లేదు. ఎండకూ వానకూ ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి.

గోపమ్మవ్వ గురించి చదివి బాధ కలిగింది. సాయంత్రాలు ఆమెను అంగన్‌వాడీకి తీసుకెళ్లి కూర్చోబెట్టుకోరాదా? పూడ్చే సంగతి నేను వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. అన్నీ ఒక్కసారే తేలవు.

పందొమ్మిదో తారీకున గుంత దగ్గర ప్రారంభం పెట్టారు. సంస్థవాళ్లతో పాటు వాళ్ల కారులో వస్తాను, వాళ్లతోనే తిరిగి వెళ్లాలి. నీ ఇంట్లో ఉండడం కుదరదు, ఏమీ అనుకోకు. మిషన్లు, మనుషుల ఖర్చు అక్కడివాళ్లే భరిస్తున్నారట. అవ్వను కూడా తీసుకురా. ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను.

ఉమేరా

*

కొంగలబండ,
20 మార్చి.

ఉమేరా గారికి,

నమస్కారం. ప్రారంభోత్సవం బాగా జరిగింది. మీరు కోరినట్టు మా అత్తకు ముందు వరుసలో కుర్చీ దొరికింది.

ఖర్చు భరిస్తున్న ‘అక్కడివాళ్లు’ ఎవరో బ్యానర్ మీద చూసి తెలుసుకున్నాను. నీ బొమ్మ ఇంత ఉంటే క్రషర్ రఘుపతి బొమ్మ దానికి రెండింతలు ఉంది. జనవరిలోనే నీకు తెలుసట, మీ సంస్థ మనిషే మీ బావతో అన్నాడు. నాకు నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఫోన్ చేస్తే నీ గొంతు విని నా కోపం దిగిపోతుంది, అందుకే నేనూ రాస్తున్నాను.

జరిగింది నీ కళ్ల ముందే అయినా మళ్లీ రాస్తాను, నువ్వు చూసినట్టు లేదు కాబట్టి. మా అత్త కుర్చీలోంచి లేచి, “గుంత ఎప్పుడు పూడుస్తరు బిడ్డా?” అని అడిగింది. రఘుపతి ఎంతో ప్రేమగా వంగి, “ఇంక పూడ్చుడెందుకవ్వా? గీ జాగ చూస్తానికి పట్నం నుంచి జనం వస్తరు” అన్నాడు. అత్త నీ దిక్కు చూసింది. నువ్వు ఏమంటావోనని నేనూ చూశాను. నువ్వు నేల చూశావు.

తర్వాత హోటల్ దగ్గర ఆయన మీ బావ ముందే నవ్వుతూ చెప్పాడట, బొమ్మ పడితే పూడ్చే తంటా తప్పినట్టేనని, ఆఫీసర్లు కూడా సరే అన్నారని. నీ చేత మా గుంతకు ముగ్గేయిస్తున్నాడు ఉమేరా. ముగ్గేసిన గుంతను ఎవరు పూడ్చమంటారు?

అన్నిటికన్నా మా మనసును కష్టపెట్టింది ఇంకొకటి ఉంది. రిబ్బన్ కట్టిన కొత్త పార తెచ్చుకుని కూడా, ఫోటోకు పల్లెటూరి వస్తువైతే బాగుంటుందని ఎవరో అన్నారని, పీర్ల కొట్టం చూసుకునే మీ అబ్బాను పీర్ల కుదాలి ఇమ్మని అడిగాడు. చోటే మియా చిచ్చా నోరెత్తకుండా పీర్ల కొట్టం తాళం తీసి, ఏడాదంతా పచ్చగుడ్డలో చుట్టి ఉంచే కుదాలిని తెచ్చి ఆయన చేతికిచ్చాడు. అలాయి తవ్వే కుదాలితో ఆయన మా పరశురాములు పోయిన గుంత ఒడ్డున కొట్టాడు. ఫోటో సరిగా రాలేదని మళ్లీ కొట్టాడు. మీ ఇంటివాళ్లే ఇట్లా చేస్తే మేం ఎవరికి చెప్పుకోవాలి?

ఇంక మట్టి పంపను.

కౌసల్య

*

మహబూబ్‌నగర్,
26 మార్చి.

కౌసల్యక్కా,

నన్ను గారు అన్నావు. దానికి బదులు తిట్టినా బాగుండేది.

అవును, ఖర్చు ఆయనదని తెలుసు. చెప్తే వద్దంటావని చెప్పలేదు. నువ్వు వద్దంటే నేను మానేయాల్సి వచ్చేది, మానడం నాకు ఇష్టం లేదు. నా పనిని ఇన్నేళ్లలో ఎవరు చూశారక్కా? స్కూల్లో వార్షికోత్సవానికి థర్మోకోల్ కోసిపెట్టే మనిషిని నేను. మొదటిసారి ఎవరో నన్ను పిలిచి, నీ ఊరి మట్టిని నీకంటే బాగా ఎవరు వాడతారు అన్నారు. ఆ గుంత నేను తవ్వానా? నేను బొమ్మ వేయనంటే రఘుపతి రేపే పూడుస్తాడా? ఆ మన్నును కనీసం ఒక్కసారైనా అందంగా చూపిస్తే తప్పేముంది?

పై ముక్క రాసి మడిచి బ్యాగులో పెట్టాను. పోస్టు చేయలేకపోయాను. ఇవాళ మళ్లీ తీసి రాస్తున్నాను. పైది కొట్టేయడం లేదు, అది కూడా నేనే కాబట్టి చదువు.

నిన్న ఓనరమ్మ మాట మీద గోడ కడిగాను. జాజు కారి గదంతా ఎర్రనీళ్లయ్యాయి. ఆ నీళ్లు ఎత్తిపోస్తుంటే గోపమ్మవ్వ నా దిక్కు చూసిన చూపు గుర్తొచ్చింది. నేను నేల ఎందుకు చూశానో ఇప్పుడు తెలిసింది. నా బొమ్మకు గుంత కావాలి, గుంతలో నీళ్లు కావాలి. అవి పోకూడదని నేను లోపల కోరుకుంటున్నాను. అవ్వ అడిగింది పూడ్చమని. ఆమె ముఖం చూస్తూ నేను ఏ జవాబు చెప్పగలను? అందుకే ఆ బొమ్మ వేయను.

తర్వాత నీ ఉత్తరం మళ్లీ చదివాను. కుదాలి దగ్గర ఆగిపోయాను. దానికి ముందు రాసిన ఉత్తరం కూడా తీశాను, మల్లప్ప మామను మంచం మీద మోసుకొచ్చిన ముచ్చట ఉన్నది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

అక్కా, ఆ కుదాలితో మొదటి దెబ్బ కొట్టి, గుంత పూడ్చకుండా పోయినవాడు మన ఊళ్లో ఇంతవరకు ఉన్నాడా? రఘుపతి ఊరందరి ముందు కొట్టాడు. ఫోటో కోసం రెండుసార్లు కొట్టాడు.

ఈ మాట అబ్బాకు, మల్లప్ప మామకు నువ్వే చెప్పు. నేను చెప్తే బొమ్మ కోసం అనుకుంటారు. పూడ్చుడే నా పని అని సంస్థకు నేను రాస్తాను. వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒక్క భయం ఉంది, ఊరి నమ్మకాన్ని మన అవసరానికి వాడుకుంటున్నామా అని. అది నువ్వే చెప్పాలి.

ఉమేరా

*

కొంగలబండ,
14 ఏప్రిల్.

చెల్లే ఉమేరా,

నీ ఉత్తరం పై ముక్క చదివి కోపమొచ్చింది, కింది ముక్క చదివి ఏడుపొచ్చింది. రెండూ పంపినందుకు మంచిపని చేశావు.

నీ భయానికి ముందు జవాబు చెప్తాను. మనం ఏదీ కొత్తగా పుట్టించలేదు. కుదాలిని ఫోటో కోసం వాడుకున్నది రఘుపతి. మనం దాన్ని దాని పనికి పెట్టమంటున్నాం, అంతే.

నేను నేరుగా మీ ఇంటికి వెళ్లి చోటే మియా చిచ్చాను అడిగాను, తెలిసే ఇచ్చారా అని. చిచ్చా బీడీ ముట్టించుకుని, రఘుపతి అడిగాడు కాబట్టి ఇచ్చానన్నాడు. మీ అమ్మీ, లాడ్లీ చిన్నమ్మ మాత్రం లోపల గిన్నెలు తోముతూ నవ్వుతోంది.

మల్లప్ప మామ పీర్ల కొట్టం ముందు నలుగురినీ కూర్చోబెట్టి రఘుపతిని పిలిపించాడు. ముందు ఆయన నవ్వాడు. అది ఫోటో కోసం కదా అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి చిచ్చా వైపు తిరిగి, “నువ్వెందుకు చెప్పలే చిచ్చా?” అన్నాడు. చిచ్చా నిదానంగా, “నువ్వు అడుగలే బిడ్డా” అన్నాడు. అప్పుడు నవ్వారు అందరూ, ఆయన తప్ప.

అంతటితో ఒప్పుకున్నాడనుకోకు. కారెక్కి వెళ్లిపోయాడు. కానీ టిప్పర్ల డ్రైవర్లందరూ ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పీర్లు లేవని ఊరికి బండ్లు తోలేది లేదని తాళాలు తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టారట. దానికంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఆయన తల్లి తిరుమలమ్మ మన పీర్లకు మొక్కితేనే ఆయన పుట్టాడని నీకు తెలుసా? ప్రతి ఏడూ చిట్యాల నుంచి ఆటోలో పచ్చగుడ్డ దట్టీ తెచ్చి పీర్లకు కట్టి పోతుంది. ఆమె కొడుకుతో ఏమందో తెలియదు. ఆయన మర్నాడు వచ్చి, ముఖం వేలాడేసుకుని, పూడుస్తానని మీ బావతో చెప్పిపోయాడు. వంకలు పెట్టే మనిషే గానీ తల్లి మాట మీరే మనిషి కాడు.

గుంతలో నీళ్లు మోటార్లు పెట్టి చుట్టూ పొలాలకు తోలుతున్నారు. నీళ్లు తగ్గుతుంటే అత్త రోజూ చూస్తోంది.

మరి నీ బొమ్మ ఉమేరా? నిన్ను కాదని గుంత పూడుస్తున్నామన్న బాధ నాకు లేకుండా పోలేదు. సెలవులు ఇవ్వగానే రా. ఈసారి నా ఇంట్లోనే ఉండాలి. కారులో వచ్చి కారులో పోతే మాత్రం గుమ్మం తొక్కనివ్వను.

అక్క
కౌసల్య

*

మహబూబ్‌నగర్,
18 జూన్.

అక్కా,

స్కూలు తెరిచారు. నా గోళ్ల సందుల్లో జాజు ఇంకా పోలేదు. పిల్లలు గోరింటాకా మేడమ్ అని అడుగుతున్నారు, అవునన్నాను.

నేను బస్సెక్కిన మర్నాడు సంస్థ తరఫున మోయిజ్ గారు కెమెరాతో వచ్చారని రాశావు కదా. ఆయన నాకు ఫోన్ చేశారు. మొత్తం పూడ్చిన చదును నేల మధ్య నిలబడి, మీ బొమ్మ ఎక్కడుందని అడిగారు. మీ కాళ్ల కిందే ఉందన్నాను. మంచి మనిషి, తిట్టలేదు. చూడడానికి ఏదీ లేనిదాన్ని పుస్తకంలో ఎలా వేస్తామమ్మా అన్నారు. వాళ్లు వేసే పుస్తకంలో నా పేరు ఉండదు. బాధ లేదని నీకు అబద్ధం రాయను. ఆ రోజు స్కూలుకు సెలవు పెట్టి పడుకున్నాను.

కానీ పడుకుని ఏం చేశానో చెప్పనా? పొర మీద పొర గుర్తు చేసుకున్నాను. గుట్ట ఏ వరుసలో ఉండేదో అదే వరుసలో పోయించాం కదా, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద నీలిపొడి, తర్వాత సుద్ద, పసుపు మొరం, ఆ పైన జాజు. ఒక్కో పొర చదును కాగానే ఆడవాళ్లందరూ దిగి, గోడలకు పెట్టినట్టే పట్టెలు, చుక్కలు పెట్టారు. అమ్మీ మోకాళ్ల నొప్పులు మరిచిపోయి నెమలి వేసింది. నీ పట్టె వంకర పోయిందని బావ ఎగతాళి చేస్తే ఆయన మీద సుద్దనీళ్లు చల్లావు. మర్నాడు టిప్పర్ వచ్చి వాటి మీద మన్ను పోసేది. మొదటిరోజు నా ప్రాణం ఉసూరుమంది. తర్వాత తర్వాత, రేపు కప్పేస్తారని తెలిసే చేతులు ఇంకా బాగా కదిలాయి.

జాజు పొర నాడు గోపమ్మవ్వ దిగింది కదా. ఎవరూ పిలవలేదు. సుద్దలో గుడ్డ ముంచుకుని ఒక మూల కూర్చుని బర్రెను గీసింది. కాళ్లు గుంజల్లా ఉన్నాయి, కొమ్ములు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కన ఏమీ గీయలేదు. టిప్పర్ డ్రైవర్ ఇంజన్ ఆపేసి, ఆమె లేచేదాకా కిందే నిలబడ్డాడు. మిగతా పొరలన్నిటికీ నా ఫోన్‌లో ఫోటోలు ఉన్నాయి. దానికి లేదు. తీయాలని చేయి పోలేదు. ఇన్నేళ్లు డ్రాయింగ్ నేర్పాను గానీ, నేను చూసినవాటిలో అంత మంచి బొమ్మ ఇంకొకటి లేదు.

చివరగా అన్నిటి పైన నల్లమన్ను పరచడం అయ్యాక కూడా అవ్వ నాతో మాట్లాడలేదు. గుంత పోయినా ఆమె బాధ పోలేదు. పోతుందని నేను అనుకోవడం తప్పేమో. సాయంత్రాలు ఎలా ఉంటోంది? ఇంకా అటు పోతోందా? నీ పరుగు తప్పిందా?

నీ
ఉమేరా

*

కొంగలబండ,
9 ఆగస్టు.

ఉమేరా,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి మంచిమాట కోసం ఆగాను. ఇప్పుడు దొరికింది.

ముందు పండుగ ముచ్చట. అలాయి తవ్వే ముందే రఘుపతి వచ్చాడు. ఈసారి మైకు లేదు, ఫోటోలు లేవు. చోటే మియా చిచ్చా ఆయన కోసం ఆపి ఉంచిన చివరి గంప మన్ను అందిస్తే, పూడ్చిన మన నేల మీద ఒక మూలన పోసి, చేతులు దులుపుకోకుండా కాసేపు నిలబడ్డాడు. తర్వాత మా అత్త ముందుకు వచ్చి దండం పెట్టాడు. అత్త తలూపింది, అంతే. పీర్లు లేచాయి. తిరుమలమ్మ దట్టీ కట్టి, మలీద పంచి, నా చేతిలో ఒక ముద్ద ఎక్కువే పెట్టింది. వానలకు నేల ఒక పక్క కొంచెం కుంగితే, ఎవరూ అడగకుండానే టిప్పర్ మట్టి తెచ్చి పోసింది. నువ్వు ఇచ్చిపోయిన సీతాఫలం గింజలు మొలిచాయి. అంగన్‌వాడీ పిల్లలు వాటి చుట్టూ రాళ్లు పేర్చారు.

నువ్వు అడిగినదానికి జవాబు. అవును, అత్త ఇంకా అటు పోతూనే ఉండేది. అంచు లేదు కాబట్టి, అంచు ఉన్నచోట కింద కూర్చునేది. నేనూ పరుగెత్తుతూనే ఉన్నాను. పడడానికి గుంత లేదని తెలుసు, అయినా కాళ్లు ఆగేవి కావు. మీ బావ నవ్వేవాడు. ఆయనకేం తెలుసు.

నిన్న సాయంత్రం అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి ఇంట్లో అత్త లేదు. కొట్టంలో బర్రె కూడా లేదు, పలుపు తెంపుకుని పోయింది. ఆ రెండూ ఒక్కసారి కనిపించకుండా పోవడం అంటే నాకు ఒకటే గుర్తొస్తుంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

బర్రె సరిగ్గా మన నేల నడిమధ్య ఉంది, సీతాఫలం మొక్కల మధ్య నిలబడి గడ్డి మేస్తోంది. నీళ్లు ఉన్నచోట అది నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది ఉమేరా. అత్త దానికి ఎదురుగా నడిచి వెళ్తోంది. ఆమె ఆ నేల మీద కాలు పెట్టడం పూడ్చాక అదే మొదటిసారి. నేను పిలవలేదు, పాత అలవాటు. అత్త దగ్గరికి వెళ్లి తెగిన పలుపు చేతిలోకి తీసుకుంది. చాలాసేపు దాని ముఖం చూసింది. తర్వాత వీపు మీద ఒక్కటి చరిచి, ఊరంతా వినబడేటట్టు తిట్టింది. “కండ్లు కానొస్తలేవానే నీకు? మొక్కలన్ని తొక్కుతున్నవ్. పా ఇంటికి, పాలు పిండాలె.”

ఏడాది దాటింది, దానితో ఆమె ఒక్క మాట మాట్లాడి. నేను ఒడ్డున, ఇంక ఒడ్డు అనకూడదేమో, అక్కడే కూలబడి ఏడ్చాను. అత్త బర్రెను పట్టుకుని నా పక్కనుంచే పోతూ, “నీకేమయిందే? లే, చెంబు కడుగు” అంది.

చెంబు కడిగి ఇచ్చాను. ఆమే పిండింది. ఆ పాలతోనే చాయ్ పెట్టుకుని తాగి, ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

అక్క
కౌసల్య